మా తాత పసరు, రక్త పరీక్ష

మా తాత కామెర్లకు పసరు పోస్తడు. తాడ్వాయి దిక్కు మా గూడేనికి పొద్దున్నే మంది వస్తరు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. చానామందికి తగ్గింది కూడా. అందుకే ఇది రాయడానికి భయంగా ఉంది. అయినా రాస్తున్నాను.

కామెర్లు ఒక్క జబ్బు కాదు. కాలేయం చెడితే కండ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. కాలేయానికి పట్టే వైరస్‌లు ఎ, బి, సి, డి, ఇ అని ఐదు ఉన్నాయి. ఎ, ఇ మలం కలిసిన నీళ్లతో, తిండితో వస్తాయి. ఎక్కువ మందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఇది సైన్స్ మేడం చెప్పినప్పుడు నా గుండె ఝల్లుమంది. అంటే తాత పసరు పోయకున్నా వాళ్లకు తగ్గేదే కదా!

కానీ నెలలు నిండే గర్భిణికి ఇ రకం వస్తే ప్రాణం మీదికి వస్తది. రెండేండ్ల కింద వానలకు బోరు చెడిపోయి వాగు నీళ్లే తాగినం. అప్పుడు మా చిన్నమ్మకు ఎనిమిదో నెల. కండ్లు పచ్చబడ్డయి. తాత పసరు పోసిండు. ఉప్పు, నూనె బంద్ పెట్టి పత్యం. తొమ్మిది రోజులు చూసినం. దవాఖానకు పోయేసరికి ఆమెకు సోయి లేదు. మళ్ళా ఇంటికి రాలేదు. అది ఏ రకమో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే తాత లేచి బయటికి పోతడు.

తాతది చెడ్డ మనసని నేను అనను. ముందు రక్త పరీక్ష చేయించాలి అంటున్నాను. రకం తెలియకుండా మందు ఎట్ల ఇస్తరు? బి, సి అయితే నీళ్లతో రావు. రక్తంతో, ఒకరికి వాడిన సూదితో, కాన్పులో తల్లి నుండి బిడ్డకు వస్తాయి. ఏండ్లకేండ్లు లోపల దాగి ఉంటాయి. బి రకానికి టీకా ఉంది, పుట్టిన 24 గంటలలోపే మొదటిది వేయాలి. ఇంట్లోనే కాన్పు అయితే ఎవరు వేస్తరు? ఇంకో సంగతి. బి వైరస్ ఆనవాలు బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్తకు మొదట దొరికింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలోనే. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆదివాసి పేరు మాత్రం నేను చదివిన దాంట్లో లేదు.

ఇక్కడ కాజీపేటలో మనకు వాగు లేదు, నల్లా ఉంది అని ధీమా వద్దు. తాగే నీళ్లల్ల చెయ్యి ముంచేది మనమే. దొడ్డికి పోయొచ్చి సబ్బు లేకుండా చెయ్యి కడిగేదీ మనమే. తాగిన రోజే జబ్బు రాదు, రెండు వారాలకో ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది. అప్పటికి ఏ నీళ్లు తాగినమో యాదికుండదు.

దసరా సెలవులకు పోయినప్పుడు తాతకు చెప్తాను, కడుపుతో ఉన్నోళ్లు వస్తే పసరు పోయకుండా ఆ రోజే దవాఖానకు పంపమని. తిడతడేమో.

— 9వ తరగతి విద్యార్థిని