చూడకుండా కోస్తారా?

భర్తతో కలిసేటప్పుడో, కలిసిన తర్వాతో నెత్తురు కనబడిందని ఆడమనిషి చెప్పుకుంటే మన ఊళ్లలో వినబడే మొదటి మాట "వేడి చేసిందిలే". మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టుకోమంటారు. తగ్గకపోతే రెండో మాట: "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచెందుకు? తీయించేసుకో." ఈ రెండు మాటల మధ్య ఆమె గర్భసంచి మూతిని ఒక్కసారైనా కళ్లతో చూసినవాళ్లెవరు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3 మంది చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 మంది దాటారు. 30–49 ఏళ్లవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు మాత్రం రెండు చోట్లా నూటికి 5 మంది కూడా లేరు. పరీక్ష కన్నా ఆపరేషనే సులువుగా దొరుకుతోంది. ఇది వైద్యం కాదు, అన్యాయం.

ఆ నెత్తురు చాలాసార్లు క్యాన్సర్ వల్ల కాదు. మూతి లోపలి మెత్తటి పొర బయటికి కనబడుతూ ఉండొచ్చు. దానికి చాలామందికి మందే అక్కర్లేదు. చిన్న పాలిప్ (కండ మొలక) అయితే చాలావరకు పరీక్ష గదిలోనే తీసేస్తారు. ముట్లుడిగాక పొర పలచబడి, తడి ఆరి చిట్లితే పైపూత క్రీములున్నాయి. క్లమీడియా, గనేరియా లాంటి ఇన్‌ఫెక్షన్ అయితే మందులతో నయమవుతుంది, కానీ మొగుడూ వేసుకోవాలి. ఇక్కడే మగాడి పౌరుషం అడ్డొస్తుంది. తాను మాత్ర మింగడు, పైగా "ఎవరితో తిరిగావ్?" అని ఆమెనే నిలదీస్తాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఎంతమంది నోరు నొక్కుకుంటున్నారో!

క్యాన్సరే అయితే? మూతిని పరీక్షించకుండా మామూలు పద్ధతిలో సంచి తీసేస్తే రోగం కొంత లోపలే మిగిలిపోవచ్చు, తర్వాతి వైద్యం మరింత కష్టమవుతుంది. మన దేశంలో ఏటా దాదాపు 80,000 మంది ఈ క్యాన్సర్‌తో పోతున్నారు. మూతికి పలచటి వెనిగర్ ద్రావణం అద్ది ఒక నిమిషం ఆగితే అనుమానమున్న చోటు తెల్లబడుతుంది. ఇంత చవకైన పరీక్ష చేతిలో ఉండి చేయకపోవడాన్ని నేను క్షమించలేను.

అమ్మా, ఆపరేషన్ కాగితం మీ ముందు పెడితే అడగండి: "స్పెక్యులం (మూతి కనబడేలా లోపల పెట్టే పరికరం) వేసి చూశారా? మూతి పరీక్ష రిపోర్టు ఏది?" జవాబు రాకపోతే సంతకం పెట్టకండి, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముట్లుడిగాక ఒక్క చుక్క కనబడినా ఆలస్యం చేయకండి.