అపరిగ్రహం లేని సంగ్రహం

2025 మే నెలలో హాంగ్‌కాంగ్‌లో సోత్‌బీస్ సంస్థ పిప్రహ్వా రత్నాలను వేలానికి పెట్టబోయినప్పుడు ఆస్తికలోకం క్షోభించింది. 1898లో స్తూపగర్భం నుండి వెలికితీసిన ఆ రత్నాలు బుద్ధధాతువులకు భక్తితో సమర్పించిన ద్రవ్యమే గాని అంగడి సరుకు కావనీ, పూజాద్రవ్యానికి ధర కట్టడం అపచారమనీ ఎందరో పలికారు. భారత ప్రభుత్వం నోటీసు పంపింది. వేలం ఆగింది. జులైలో రత్నాలు స్వదేశానికి చేరాయి. అంతకుముందు 2016లో, మన ప్రకాశం జిల్లా చందవరం నుండి అపహృతమై ఆస్ట్రేలియా జాతీయ కళాశాలకు చేరిన బౌద్ధశిల్పం తిరిగివచ్చినప్పుడూ ఇటువంటి సంతోషమే కలిగింది. ఆ క్షోభా, ఆ సంతోషమూ రెండూ న్యాయమైనవే. అయితే వాటికి ఒక విచిత్రమైన పొలిమేర ఉన్నది. చెక్కిన విగ్రహం పోతే హృదయం దహిస్తుంది. చెక్కుడు గుర్తులు మాత్రమే ఉన్న రాయి పోతే ఎవరికీ ఏమీ అనిపించదు.

ఈ ఉదాసీనతకు మూల్యం చెల్లిస్తున్నవి కర్నూలు, కడప సీమలు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం నేల మీద చూపు నిలిపి నడవడం లోకవిదితమే. ఆ సీమల నేలమీదనే, వాగుల గులకరాళ్ళ మధ్యనే, పాతరాతియుగపు మానవుడు కఠినశిలతో చెక్కుకున్న చేతిగొడ్డళ్ళూ, గీకుడురాళ్ళూ ఉన్నాయి. విదేశీ వేలంశాలల్లో, అంతర్జాలపు అంగళ్ళలో ఇటువంటి శిలాయుధాలకు చీటీ కట్టి, ధర వేసి అమ్ముతారు. కొనేవారు బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకొనేవారు కావచ్చు, అద్దాల బీరువాలో వరుసగా పేర్చుకొనేవారు కావచ్చు. వజ్రం కోసం వంగిన చేయి, ధర ఉన్నదని తెలిసిన నాడు, ఆ రాతి కోసం వంగడానికి ఎంతో కాలం పట్టదు.

రాయిని తీసుకుపోతే నష్టమేమిటి? రాయి ఎక్కడున్నా రాయే కదా? ఈ ప్రశ్నకు సమాధానం పురావస్తు శాస్త్రానికంటె ముందే న్యాయశాస్త్రంలో ఉన్నది. పర్వతంపై ధూమాన్ని చూసి అగ్నిని ఊహించడం తర్కం చదివిన ప్రతివాడూ ఎరిగిన ఉదాహరణ. అక్కడ ధూమం హేతువు, పర్వతం పక్షం. హేతువు పక్షంలో ఉండి తీరాలి. దానినే పక్షధర్మత అన్నారు. పక్షంలో లేని హేతువు హేతువే కాదు, అది స్వరూపాసిద్ధమనే హేత్వాభాసం. ధూమాన్ని కుండలో పట్టి పట్నానికి తెచ్చి, ఇదిగో దీనితో ఆ పర్వతంపై అగ్నిని నిరూపించండి అంటే ఏ నైయాయికుడు అంగీకరిస్తాడు? శిలాయుధం అటువంటి ధూమమే. అది పడివున్న మట్టిపొర, దాని పైపొర, కిందిపొర, దాని పక్కనున్న ఎముక, బొగ్గు, ఇవన్నీ దాని పక్షం. చేతిలోకి వచ్చిన క్షణంలో రాయి మిగులుతుంది, ప్రమాణం నశిస్తుంది.

బనగానపల్లె సమీపాన, జుర్రేరు లోయలోని జ్వాలాపురం ఇందుకు జగత్ప్రసిద్ధ నిదర్శనం. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద అక్కడ పొరగా పేరుకొని ఉన్నది. ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాలియా తదితరులు అక్కడ తవ్వి, బూడిదపొర కిందా పైనా కూడా మానవుడు చేసిన రాతి పనిముట్లను కనుగొని 2007లో లోకానికి వెల్లడించారు. అంతటి ఉత్పాతానికి పూర్వం ఇక్కడ మనుషులున్నారు, తరువాతా ఉన్నారు. ఈ మహావాక్యాన్ని పలికినది ఏ ఒక్క రాయీ కాదు. బూడిదకు కింద ఒకటి, పైన ఒకటి అనే సంబంధం పలికింది. ఆ రాళ్ళనే ఎవరో ముందుగా ఏరి సంచిలో వేసుకొని ఉంటే, అవి అందంగానే ఉండేవి, కాని మూగవిగా ఉండేవి. యుగాలను లక్షల సంవత్సరాలతో లెక్కించే సంప్రదాయంలో పుట్టినవారికి 74,000 ఏళ్ళ లెక్క వింతగా తోచనక్కరలేదు. అంతటి ప్రాచీనతకు కళ్ళెదుట సాక్ష్యమున్నప్పుడు దానిని కాపాడాలన్న తొందర మాత్రం అందరికంటె ముందు వారికే కలగాలి.

ఇక్కడ ఒక పూర్వపక్షం తప్పక వస్తుంది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర కూడా రాళ్ళు ఏరినవాడే కదా, అమ్మినవాడే కదా అని. నిజమే. 1863 మే 30న పల్లావరంలో తొలి పాతరాతి పనిముట్టును గుర్తించిన ఆ భూగర్భశాస్త్రజ్ఞుడు నాలుగు దశాబ్దాలు దక్షిణాపథమంతా తిరిగి, కర్నూలు, కడపలతో సహా అనేక చోట్ల సేకరణ చేసి, 1904లో దానిని మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి విక్రయించాడు. అయితే రెండు భేదాలున్నాయి. ప్రతి రాయి ఏ ఊరిదో వ్రాసుకున్నాడు. ఆ పట్టిక ఆయన మరణానంతరం 1914, 1916లలో గ్రంథాలుగా అచ్చయింది. విడివిడిగా వేలం వేయక, మొత్తాన్ని ఒకే ప్రజాసంస్థకు ఇచ్చాడు. 1884-85లలో ఆయనా, ఆయన కుమారుడూ బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలను తవ్వి ఎముక పనిముట్లు దొరికాయని వ్రాశారు. చాలాకాలం పండితులకు దానిపై నమ్మకం కుదరలేదు. 1970ల దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి ఆ బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వగా, ఎముక పనిముట్లు మళ్ళీ బయటపడ్డాయి. ఊరిపేరు వ్రాసిపెట్టినందువల్లనే ఒక తరం సందేహాన్ని మరొక తరం నివర్తించగలిగింది. 1930లో కామియాడ్, బర్కిట్ కర్నూలు సీమ శిలాయుధాలను పొరల క్రమాన్నిబట్టి నాలుగు శ్రేణులుగా విభజించగలగడానికీ కారణమిదే. వేలంశాల చీటీ మీద ఉండేది ఏమిటి? “దక్షిణ భారతదేశం, అతి ప్రాచీనం.” ఫుట్‌ను సాక్షిగా పిలిచే వర్తకుడు ఆయన నోటుపుస్తకాన్ని కూడా పిలవాలి.

రెండవ పూర్వపక్షం మరింత సౌమ్యంగా వస్తుంది. “మేము కొనకపోతే అవి నశిస్తాయి; మేము రక్షకులం” అంటాడు సంగ్రాహకుడు. యోగసూత్రాలకు భాష్యం వ్రాసిన వ్యాసుడు అపరిగ్రహాన్ని నిర్వచిస్తూ వస్తుసంచయంలో ఐదు దోషాలు చూపాడు: ఆర్జనం, రక్షణం, క్షయం, సంగం, హింస. లోకం గుణమనుకొనే రక్షణాన్ని ఆయన దోషాల పట్టికలో చేర్చడం గమనించదగినది. ‘నాది’ అనుకున్న తరువాత చేసే రక్షణ మమకారానికే కాపలా. ఇక ఐదవదైన హింస ఇక్కడ అలంకారం కాదు. కొనేవాడు ఉన్నాడు గనుకనే తవ్వేవాడు పుడతాడు. బీరువాలో ఒక చేతిగొడ్డలి చేరడానికి గుట్టపై ఎన్ని పొరలు చెదిరాయో బీరువా యజమానికి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. అస్తేయాన్ని వివరించేటప్పుడు కూడా ఆ భాష్యకారుడు పరద్రవ్యాన్ని తీసుకోకపోవడంతో ఆగలేదు. దానిపై స్పృహ సైతం లేకపోవడం వరకూ వెళ్ళాడు. మరి ఈ రాళ్ళు ఎవరి ద్రవ్యం? చేసినవాడు గతించాడు, వారసుడు లేడు, కనుక ఎవరిదీ కాదు అనడం వర్తకుని తర్కం. ఎవరిదీ కానిది అందరిదీ అవుతుందనేది ఈశావాస్యాన్ని శిరసా వహించేవారి తర్కం.

మూడవవాడు శాస్త్రాన్నే ఆయుధంగా పట్టుకొస్తాడు. గుప్తనిధుల వేటగాళ్ళు రాయలసీమకు కొత్త కాదు. పాడుబడ్డ గుడిలో నందిని పెకలించడం, రాక్షసగుళ్ళని జనం పిలిచే ప్రాచీన సమాధులను గునపాలతో చీల్చడం, అర్ధరాత్రి నిమ్మకాయలూ కుంకుమా పోసి దానికి పూజ అని పేరు పెట్టడం ఇక్కడ తరచు వినిపించే వార్తలు. నిధి దొరికిన విద్వాంసుడు దానిని తానే తీసుకోవచ్చని మనుస్మృతిలో ఉన్నది కదా అని వీరికి మంత్రం చెప్పేవారి వాదం. ఉన్నది. కాని ఆ ప్రకరణమంతా రాజు ఎదుట జరిగే వ్యవహారం గురించినది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం మరింత స్పష్టం: దొరికిన నిధిని రాజుకు తెలుపక దాచినవాడు దానినీ పోగొట్టుకుంటాడు, దండనా పొందుతాడు. 1878 నాటి నిధుల చట్టం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన ఏ వస్తువునైనా కలెక్టరుకు తెలియజేయాలన్నప్పుడు, ఆ పాత ధర్మాన్నే తన భాషలో చెప్పింది. స్మృతిలో సగం శ్లోకం చదివి గునపం ఎత్తేవాడిని ఏ ధర్మశాస్త్రమూ కాపాడదు. రాజే గునపం ఎత్తితే ఏమి చేయాలన్నది వేరే ప్రశ్న. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వకాలు జరిగాయి. ఎముకలూ ఇటుకలూ వచ్చాయన్నారు. చరిత్రకు నిధి అవే కావచ్చునన్న ఆలోచన అక్కడ ఎవరికి కలిగింది?

చివరివాడు అందరికంటె ప్రమాదకారి, ఎందుకంటే అతడు భక్తుడు. పాత విగ్రహమో, పాత రాయో కొని పూజగదిలో నిలుపుకొని, “అంగడిలో పడివున్న దేవుణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను” అని కన్నీరు పెడతాడు. దేవస్వాన్ని కొనడం దేవుణ్ణి ఉద్ధరించడం కాదు. జీర్ణమైన, స్థానభ్రష్టమైన మూర్తిని ఏమి చేయాలో ఆగమాలు జీర్ణోద్ధార ప్రకరణంలో విధించాయి. ఆ విధులలో మూల్యం చెల్లించి రసీదు తీసుకోవడం లేదు. దక్కన్‌లో ఎన్నో పల్లెలలో నున్నగా సానపట్టిన నవశిలాయుగపు గొడ్డళ్ళను చెట్టుకింద అరుగుమీద దేవతలుగా నిలిపారు. పొలంలో దొరికిన రాతిని ఆ ఊరి చెట్టుకిందే పెట్టి పసుపు రాసిన రైతు ఇల్లాలు ఏ యోగసూత్రమూ చదవలేదు. కాని దానిని ఊరు దాటించలేదు, ధర అడగలేదు. అటువంటి రాళ్ళనే పిడుగురాళ్ళనీ, మహిమగల రాళ్ళనీ పేరు పెట్టి పట్నంలో అమ్మేవాడికీ ఆమెకూ మధ్య ఉన్న దూరం భక్తికీ వ్యాపారానికీ మధ్య ఉన్న దూరమే.

మ్యూజియాలలో ధూళి పేరుకొన్నదనీ, కాపలా లేదనీ, జ్వాలాపురంలో ఆ బూడిదనే తవ్వి తరలిస్తుంటే ఆపినవారు లేరనీ ఆక్షేపించేవారి మాట అబద్ధం కాదు. బూడిదపొరను లారీకి ఎత్తడం రాతిని వేలానికి ఎత్తడం కంటె చిన్న పాపమేమీ కాదు. అయితే కావలివాడు నిద్రించాడన్నది తోటలో పండు కోసుకోవడానికి అనుమతిపత్రం కాజాలదు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువును ప్రభుత్వం తప్ప అన్యులు దేశం దాటించడాన్ని నిషేధించింది. లైసెన్సు లేని వ్యాపారాన్ని నేరమన్నది. ఆ చట్టం నిద్రిస్తే లేపవలసినవారు గుళ్ళకూ గోశాలలకూ విరాళాలిచ్చే ఆస్తికులే; పురావస్తు శాఖకు ఒక అర్జీ వ్రాయడానికి పట్టే సమయం ఒక సహస్రనామ పారాయణ కంటె తక్కువ. చేలో, వాగులో, గవిలో చెక్కుడు గుర్తులున్న రాయి కనిపిస్తే దానిని కదల్చక, పడివున్నది పడివున్నట్టే ఛాయాచిత్రం తీసి, ఊరిపేరూ సర్వే నంబరూ వ్రాసి తహశీల్దారుకూ పురావస్తు శాఖకూ పంపాలి. సంచిలో వేసుకోకూడదు, ఆశ్రమంలో స్వామివారికి కానుకగా ఇవ్వడానికి కూడా.