మోటారు సైకిలు – మధ్యతరగతి స్వేచ్ఛ

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతుండగా మొదలైన వాదన ఇది. మా మిత్రుల్లో ఒక యువ అధ్యాపకుడు ఆ మధ్య ఇంటర్‌సెప్టర్ 650 మోటారు సైకిలు కొన్నాడు. కొని వూరుకోలేదు. సైలెన్సరు మార్చాడు. హ్యాండిలు కిందికి దించి, అద్దాలు దాని రెండు కొసలకూ బిగించాడు. వెనక మడ్‌గార్డు తీయించాడు. సీటు కురచ చేయించి గోధుమరంగు తోలు వేయించాడు. దాన్ని చూసిన ఒక పెద్దాయన, "సంఘంలో తిరిగేవాడివి, నీకీ దొరల సరదా ఏమిటయ్యా?" అన్నాడు. యువకుడు తడుముకోలేదు. "ఇది సరదా కాదు మాస్టారూ, సృజన. కంపెనీ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు ఒప్పుకోకుండా నాకు కావలసినట్టు మార్చుకున్నాను" అన్నాడు.

అక్కడున్న విద్యార్థుల్లో సగంమంది ఒకవైపు, సగంమంది రెండోవైపు చేరారు. నా అభిప్రాయంలో ఇద్దరూ పొరబడ్డారు. ఆ పొరపాట్లు ఈ ఇద్దరివే అయితే వాటిని గురించి రాయవలసిన పని లేదు. మనలో చాలామందికి అవి వున్నాయి.

ముందు పెద్దాయన వాదం చూద్దాం. వస్తువును చూసి మనిషి వర్గాన్ని తేల్చడం చాలా తేలిక. మన పల్లెల్లో బుల్లెట్టు చాలాకాలం ఎస్సైగారి బండి, దొరగారి కొడుకు బండి, కంట్రాక్టరు బండి. 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాట పెళ్లిపందిళ్లలో మోగింది. కట్నకానుకల జాబితాల్లోకి ఆ బండి ఎక్కిన సంగతీ మనకు తెలుసు. ఇదంతా నిజమే. అయితే యంత్రం మీద ఇష్టం నేరమని అభ్యుదయవాదం ఎన్నడూ చెప్పలేదు. చేతి పని వల్లనే మనిషి మనిషయ్యాడని నమ్మేవాళ్లం మనం. వారమంతా జవాబు పత్రాల మీద తల వంచి, ఆదివారం నాడు స్పానరు పట్టుకొనే యువకుడికి ఏదో కరువైంది. తన చేతితో ఒక పని మొదలుపెట్టి, చివరిదాకా తనే చేసి, అది నడవడం కళ్లారా చూసే అవకాశం అతని ఉద్యోగంలో లేదు. నేను కూడా మైసూరులో తయారైన ఎజ్డీ ఒకటి పదిహేనేళ్లు నడిపినవాణ్ణే. చేతికి నల్లగా అంటిన ఆయిలు ఇచ్చే తృప్తి ఏమిటో నాకు తెలుసు.

ఈ కరువును గుర్తించకుండా "విలాసం" అని ఈసడించి వూరుకుంటే మనకూ సర్కారుకూ తేడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన మోటారు సైకిళ్ల మీద జి.ఎస్.టి. 40 శాతం, దానికి లోపు వాటిమీద 18 శాతం. విలాసం మీద సర్కారుకున్న విమర్శ అంతటితో సరి. మన విమర్శ పన్ను పట్టికను కాస్త దాటి వుండాలి గదా!

ఇక యువకుడి వాదం. బండిని మార్చడం సృజన అంటున్నాడు. ఒకప్పుడు అది సృజనే. 1950లలో ఇంగ్లండులో, యుద్ధం ముగిసి కూలిరేట్లు కొంచెం పెరిగి, వాయిదాల మీద సరుకు దొరికే రోజుల్లో, కార్మిక కుటుంబాల కుర్రవాళ్లు మామూలు మోటారు సైకిళ్లు కొన్నారు. పందెపు బండి కొనే తాహతు వాళ్లకు లేదు. అందుకని అనవసరమనుకున్న రేకులన్నీ పీకేశారు, హ్యాండిళ్లు కిందికి దించారు, లండనులో ఏస్ కేఫ్ వంటి రోడ్డుపక్క హోటళ్ల దగ్గర గుమికూడారు. ట్రయంఫ్ ఇంజను తీసి నార్టన్ ఫ్రేములో బిగించి దానికి "ట్రైటన్" అని పేరు పెట్టుకున్నారు. ఆ బండిని ఆ రెండు కంపెనీలూ తయారు చెయ్యలేదు. లేమిలోంచి పుట్టిన నేర్పు అది.

పెట్టుబడి అటువంటి నేర్పును చూస్తూ వూరుకోదు. 1960ల నడుమ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఆ కుర్రవాళ్ల రూపాన్నే ఫ్యాక్టరీలో తయారుచేసి కాంటినెంటల్ జి.టి. అని అమ్మింది. తరవాత ఇంగ్లండులో ఆ కంపెనీ చితికిపోయింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా మాత్రం బతికింది. అది 1994లో ఐషర్ చేతికి వచ్చింది. 2018 నవంబరులో మన దేశంలో విడుదల చేసిన రెండు 650 సీసీ బళ్లకూ పాత పేర్లే పెట్టారు: ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జి.టి. 2020లో "మేక్ ఇట్ యువర్స్" అనే పథకం కూడా వచ్చింది. అనగా బండి కొనేటప్పుడే రంగూ, సీటూ, అద్దాలూ ఎంచుకొని "నాదైన బండి" అనుకోవచ్చు. కంపెనీని ధిక్కరించానని మన మిత్రుడు అనుకుంటున్నాడు. ఆ ధిక్కారానికి కూడా కంపెనీ దగ్గర ధరల పట్టిక వుంది.

పైగా ఈ "రెట్రో" అనే మాట ఒకటి. గతాన్ని తిరిగి తెచ్చామంటారు. ఎవరి గతం? 1960లలో హైదరాబాదులో సామాన్యుడి బండి సైకిలు. అది లేనివాడు రిక్షా తొక్కాడు, లేదా నడిచాడు. 1969లో ఈ నగరపు విద్యార్థులు తెలంగాణ కోసం రోడ్లమీదికి వచ్చి తూటాలు తిన్నారు. ఆ గతం ఏ పెట్రోలు టాంకు మీదా గీతలుగా కనిపించదు. మన మిత్రుడు ఆదివారం పొద్దున్నే బషీర్‌బాగ్ చౌరస్తా మీదుగా టాంక్‌బండ్ వైపు పోతుంటాడు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును ఎదిరించి అసెంబ్లీ వైపు కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. ముగ్గురు చనిపోయారు. ఆ పేర్లు చెప్పమంటే అతనికి తెలియలేదు. ఏస్ కేఫ్ చరిత్ర మాత్రం గడగడా అప్పజెప్పాడు. తప్పు అతని ఒక్కడిదే కాదు. అతనికి పాఠాలు చెప్పినవాళ్లలో మనవాళ్లూ వున్నారు.

ఇటువంటి బళ్లను "నేకెడ్" మోటారు సైకిళ్లంటారు. ముందు రేకుల తొడుగు వుండదు కాబట్టి ఇంజను బట్టబయలుగా కనిపిస్తుంది. జంట సిలిండర్లూ, వాటి రెక్కలూ, మెరిసే కవర్లూ అన్నీ చూడవచ్చు. చూడలేనిది వాటిని పోతపోసి, తొలిచి, బిగించిన మనిషిని. 2018 సెప్టెంబరు చివర, ఈ బండి మన మార్కెట్టులోకి రావడానికి రెండు నెలల ముందు, చెన్నై దగ్గర ఒరగడంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కార్మికులు సమ్మె చేశారు. సంఘంగా నిలబడి మాట్లాడే హక్కు ఆ సమ్మెలో ముఖ్యమైన విషయం. ఆ రోజుల్లోనే ఆ ప్రాంతంలో యమహా కార్మికులూ సమ్మెలో వున్నారు. ఇంజను టార్కు అంకెలు నోటికొచ్చిన మన యువకులకు ఈ సంగతి వార్తగా కూడా అందలేదు.

మరి మార్పులు చేసినవాడెవరు? "నా చేతులతో" అన్నాడు మన మిత్రుడు. ఆరా తీస్తే, నారాయణగూడ సందులో ఒక మిస్త్రీ చేశాడు. కుర్రాళ్లు ఉస్తాద్ అని పిలిచే ఆయన ముప్పయ్యేళ్లుగా ఆ షెడ్డులోనే వున్నాడు. పాత బుల్లెట్టును స్టార్టు చెయ్యాలంటే అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా డీకంప్రెసరు నొక్కి కిక్కు మెల్లగా దించి, అప్పుడు తన్నాలి. టాపెట్ల చప్పుడు విని ఎంత సందు వుందో ఉస్తాద్ చెప్పేవాడు. ఆ విద్య ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఇప్పటి ఇంజనులో ఇంధనం కొలిచేది ఎలక్ట్రానిక్ పెట్టె. దానిలోపలి లోపాన్ని చదివే పరికరం అధికార సర్వీసు సెంటరులో వుంటుంది, ఉస్తాద్ షెడ్డులో వుండదు. ముప్పయ్యేళ్ల నేర్పు అద్దాలు బిగించడానికీ, సీటు కుట్టించడానికీ దిగజారింది. కంపెనీ యువకుడికి "సృజన" అమ్ముతూ, నిజంగా సృజన తెలిసినవాడి చేతిలో పని లాక్కుంటున్నది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కోపం తెప్పించేది ఇదే.

చట్టం సంగతీ చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా యజమాని బండిని మార్చగూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్థిరపరచింది. ప్రాణభద్రతకూ, చప్పుడుకూ, పొగకూ హద్దులు వుండవలసిందే. కాని ఆ హద్దుకు కొలత తయారీదారు కాగితమయినప్పుడు, ఆ కాగితంలో ఏముండాలన్నది ప్రజలు అడిగి తీరాలి.

చప్పుడు మాట వచ్చింది గనక చెబుతాను. రాత్రి పదకొండు గంటలకు అశోక్‌నగర్ సందుల్లో ఆ మార్చిన సైలెన్సరు మోగుతుంది. ఆ సందుల హాస్టలు గదుల్లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గ్రూప్ పరీక్షలకు చదువుతుంటారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు రోడ్డెక్కింది అక్కడే. నా స్వేచ్ఛ పక్కవాడి నిద్రనూ చదువునూ మింగి బలిసేదయితే దాని పేరు స్వేచ్ఛ కాదు, పెత్తనం. దొరగారి గుర్రపు డెక్కల చప్పుడుకు వూరు తలుపులు మూసుకున్న రోజులు మన పెద్దలకు తెలుసు.

ఆ పిల్లల్లోనే కొందరు రాత్రిపూట బళ్లమీద అన్నం పొట్లాలు మోస్తున్నారు. వాళ్ల బళ్లూ మార్చినవే. హ్యాండిలుకు ఫోను పట్టే క్లిప్పు, వెనక సంచికి ఇనప కమ్మీ, చినిగిన సీటు మీద వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు. ఏస్ కేఫ్ కుర్రవాళ్లకు అసలైన వారసులు వీళ్లు. లేమి చెప్పిన మార్పు ఇది. బండి వాళ్లదే, పెట్రోలు వాళ్లదే. రేటు మాత్రం వాళ్లది కాదు. వాళ్లను "పార్ట్‌నర్లు" అంటారు. పనిముట్టు తనదైనంత మాత్రాన పనివాడు స్వతంత్రుడు కాడని ఇంతకంటె తేటగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

కాబట్టి బండి అమ్మెయ్యమని మన మిత్రుడికి నేను చెప్పను. పాత సైలెన్సరు తిరిగి బిగించమంటాను. యంత్రం మీద ఇష్టం నిజమైతే ఉస్తాద్ పక్షాన నిలబడమంటాను. మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో ఒక కమిటీ వేసింది. అది చేపట్టిన రంగాల్లో మోటారు వాహనాలూ వున్నాయి. విడిభాగాలూ, మరమ్మతు పుస్తకాలూ, లోపాలు చదివే పరికరాలూ ఏ మిస్త్రీకైనా అందాలని చట్టబద్ధంగా సాధించుకోవాలి. గిగ్ కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు ప్రకటించింది. ఆ ముసాయిదా లైబ్రరీ మెట్లమీద కూర్చుని చదవమంటాను, రాత్రి బండి నడిపే విద్యార్థులతో కలిసి.

పెద్దాయనకూ ఒక మాట. యువకులు యంత్రాలను ఇష్టపడుతున్నారని బెంగపడకండి. ఆ ఇష్టం షోరూము అద్దాల దగ్గరే ఆగిపోతున్నందుకు బెంగపడండి. దాన్ని ఒరగడం దాకా, నారాయణగూడ షెడ్డు దాకా నడిపించవలసినవాళ్లం మనమే.