కుంటాల ప్లాన్ వేసేటోళ్లకు ఒక మాట

వానలు మొదలైతే చాలు, ఆదివారం మా తోవ నిండా కార్లే. నేరడిగొండ నుంచి కుంటాల జలపాతానికి పోయే దారి పక్కనే నా పత్తి చేను. కార్లు ఆపి నన్ను అడుగుతుంటరు: "కాకా, ఫొటోలు ఎక్కడ మంచిగొస్తయ్? బిర్యానీ ఎక్కడ దొరుకుతది?" ఇన్నేండ్లల్ల "కాకా, పైన వాన పడ్డదా?" అని ఒక్కరు అడగలే.

నిష్ఠూరమైనా చెప్తున్న. మీ ప్లానులో బండి ఉంది, రూము ఉంది, స్పీకరు ఉంది. నీళ్ల సంగతి ఒక్కటే లేదు.

కుంటాలలో దూకేది కడెం నది. అది బోథ్, బజార్‌హత్నూర్ దిక్కు కొండల్లో పడ్డ వాన. మీ నెత్తి మీద ఎండ కొడుతున్నా, పైన దంచితే వరద ఇక్కడికి వచ్చి తీరుతది. 2022 జూలైలో ఇదే నది కడెం ప్రాజెక్టు మీదికి వస్తే 18 గేట్లలో 17 ఎత్తినా సరిపోలేదు, కింది ఊర్లను ఖాళీ చేయించారు. అసొంటి నదికి వీపు చూపించి సెల్ఫీ దిగుతున్నరు మీరు!

"మాకు ఈత వచ్చు" అంటరు. చెరువు ఈత వేరు. దాదాపు 150 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ల కింద, బండల నడుమ గుండాలల్ల ఏ ఈతా పనికిరాదు. మా పెద్దలకు చదువు లేకున్నా ఈ సంగతి తెలుసు. అక్కడి సోమేశ్వరస్వామి దగ్గరికి జనం కదిలేది శివరాత్రికి, నీళ్లు తగ్గినంక.

జలపాతం ఒక్కటే కాదు, తిరుగు తోవ కూడా చూసుకోవాలె. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధారకు పోయినోళ్లు వచ్చేటప్పుడు వాగు పొంగి అడవిలో చిక్కుకున్నరు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రిపూట పోయి తీసుకురావాల్సి వచ్చింది.

ఇగ నా బాధ. పోయినేడు మా గెట్టు మీద ఎవరో తాగి సీసాలు పగలగొట్టిపోయిన్రు. గుంటుక తోలుతుంటే గాజు పెంకు మా ఎద్దు గిట్టలో దిగింది. ఇరవై రోజులు కొట్టంలనే. పొలాల అమావాస్యకు ఊరి ఎడ్లన్నీ హనుమాన్ గుడి చుట్టూ తిరుగుతుంటే మాది ఒంటెద్దే పోయింది. కలుపుకు కూలోళ్లను పెట్టిన ఖర్చు సరే, ఆ రోజు మా ఇంటామె కంట్ల నీళ్లకు ఎవరు లెక్క కడతరు?

"మేమొస్తేనే కదా మీకు గిరాకీ" అంటరు. నిజమే. మక్కకంకులు కాల్చి అమ్మేటోళ్లకు నాలుగు పైసలు వస్తున్నయ్. ఆ సీసాలు అమ్మింది కూడా మా ఊర్లోళ్లే, ఆ తప్పు మాది. పార్కింగ్ పైసలు వసూలు చేసేటోళ్లు చెత్త ఎత్తరు, నీళ్ల దగ్గర మనిషిని పెట్టరు. అది వాళ్ల తప్పు. అయితే గిరాకీ పేరు చెప్పి మా చేన్లను చెత్తకుండీ చేస్తే ఊకోం.

రావద్దంటలేను. దసరా దాటినంక రండి, అప్పుడు కూడా నీళ్లుంటయ్. వానల్లనే రావాలంటే ముందు పైమండలాల వాన సంగతి కనుక్కోండి. తేట నీళ్లు ఎర్రబడ్డా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా మారు మాట లేకుండా ఒడ్డెక్కండి. నాచు పట్టిన బండ ఎక్కొద్దు. తెచ్చిన సీసా తిరిగి తీసుకపోండి.

ఇంటికి తిరిగి చేరేదాకా ఆలోచిస్తేనే అది ప్లాన్. ఈసారి మా చేను కాడ ఆగితే ముందు వాన సంగతి అడగండి. చాయ్ తాపిచ్చి మరీ చెప్త.