రాజ్యాలు - దైవ సంకల్పం - మనం

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు మన పెద్దలు. చీమ సంగతే అంతయితే ఇక రాజ్యాల సంగతి చెప్పాలా! సామ్రాజ్యాలు లేవడం, కూలడం దైవ సంకల్పమేనన్న విశ్వాసం ఏ ఒక్క మతానిదో కాదు. నేనూ అది నమ్మేవాణ్ణే. కానీ ఆ మాటను మనం వాడుతున్న తీరు చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది. గెలిచినవాడు దాన్ని కిరీటంగా పెట్టుకుంటాడు. ఓడినవాడు దుప్పటిలా కప్పుకుని పడుకుంటాడు. అంతదాకా ఎందుకు, మన యూనియన్ ఎన్నికలే చూడండి. గెలిచిన అభ్యర్థి "అంతా దేవుడి దయ" అంటాడు, ఓడిన అభ్యర్థి "అంతా నా ఖర్మ" అంటాడు. ఓటు వేసినవాళ్ల ఊసు ఇద్దరూ ఎత్తరు!

చరిత్రలోకి ఒకసారి తొంగి చూద్దాం. క్రీ.పూ. 539లో పారశీక చక్రవర్తి సైరస్ బాబిలోన్ నగరాన్ని పట్టుకున్నాడు. ఆ విజయాన్ని వర్ణించే మట్టి శాసనం ఒకటి 1879లో అక్కడి తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బాబిలోన్ రాజు అపచారాలకు ఆగ్రహించి మర్దుక్ దేవుడే సైరస్‌ను ఏరి తెచ్చుకున్నాడని అందులో రాశారు. యూదుల యెషయా గ్రంథమేమో అదే సైరస్‌ను యెహోవా అభిషేకించినవాడంటుంది. బాబిలోన్ చెరలో ఉన్న యూదులు ఆయన ఏలుబడిలోనే గదా యెరూషలేముకు తిరిగి వెళ్లగలిగింది! విజయం ఒక్కటే, దాన్ని ప్రసాదించిన దైవాలు ఇద్దరు. సరే, ఎవరు ప్రసాదిస్తేనేం, ఆ సామ్రాజ్యం శాశ్వతంగా నిలిచిందా? రెండు వందల ఏళ్లు గడిచాక అలెగ్జాండరు దెబ్బకు అదీ కూలింది. దేవుడు ఎవరినైనా ఎన్నుకున్నాడంటే రాజ్యాన్ని శాశ్వతంగా పట్టా రాసిచ్చాడని అర్థం కాదు.

మన దగ్గరికే వద్దాం. విజయనగర రాజులు చాలామంది తమ శాసనాల చివర సొంత పేరు కాక "శ్రీ విరూపాక్ష" అని చేవ్రాలు పెట్టేవారు. రాజ్యం స్వామిది, మేము ఆయన తరఫువాళ్లం అన్నమాట. అయినా 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాడు. హంపీని కొల్లగొట్టారు. మరి విరూపాక్షుడు చెయ్యి వదిలేశాడా? రామరాయలు ఏళ్ల తరబడి సుల్తానుల్లో ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి రాజకీయం నడిపాడు. చివరికి వాళ్లే ఏకమయ్యారు. వారిలో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకప్పుడు విజయనగరంలోనే ఏడేళ్లు తలదాచుకున్నవాడు! కారణాలు వెతికితే అన్నీ మనుషులు చేసినవే. రాజముద్రలో దేవుడి పేరున్నంత మాత్రాన అవి మాసిపోలేదు. సింహాసనం పోయింది గాని, హంపీ విరూపాక్షాలయంలో పూజలు ఈనాటికీ జరుగుతూనే ఉన్నాయి.

అయితే ఓటమి శిక్ష, గెలుపు బహుమానం అని లెక్క కట్టేద్దామా? వద్దు. రాజుల పంతాలకు నగరంలోని బీదాబిక్కీ కూడా బలయ్యారు. వాళ్లేం పాపం చేశారని? ఆ లెక్క కట్టే అధికారం మనకెవ్వరూ ఇవ్వలేదు.

ఈ విషయం బాగా గ్రహించిన పాలకుడు నాకు తెలిసి అబ్రహాం లింకన్. 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణ స్వీకారం చేసేనాటికి అమెరికా అంతర్యుద్ధంలో ఆయన పక్షం గెలుపు అంచున ఉంది. దేవుడు మా వైపే అని చాటుకోవడానికి అంతకంటే మంచి అదను ఉంటుందా? ఆయన అలా చాటుకోలేదు. ఇరుపక్షాలూ చదివేది ఒకే బైబిలనీ, మొక్కేది ఒకే దేవుడికనీ, ఎవరి ప్రార్థనా పూర్తిగా ఫలించలేదనీ, దేవుడి ఉద్దేశాలు దేవుడివేననీ అన్నాడు. బానిసత్వమనే పాపానికి ఉత్తరాదీ దక్షిణాదీ కలిసే మూల్యం చెల్లిస్తున్నాయేమో అన్నాడు. గెలవబోతున్నవాడు తన పక్షాన్ని కూడా బోనులో నిలబెట్టాడు!

దైవం రాజ్యాల మీద ఏలిక అంటే నాకు తోచే అర్థం ఇదే. ప్రతి సింహాసనానికీ పైన అడిగేవాడొకడున్నాడు. ఈ మాట పాలకుడు తనకు తాను చెప్పుకోవలసింది. ప్రజలకు చెప్పి నోరు మూయించడానికి పనికిరాదు. బ్రిటిష్ పాలన దైవ నిర్ణయమేనని కేశవచంద్ర సేన్ వంటి మేధావులు నమ్మారు. గాంధీజీ కూడా దైవభక్తుడే. కానీ ఆయన ఆ పాలనకు తలవంచి ఊరుకోకుండా 1930లో ఉప్పు కోసం దండికి నడిచాడు. తెల్లదొరలు ఆ మరుసటి ఏడే కొత్త ఢిల్లీని రాజధానిగా ఘనంగా ప్రారంభించుకున్నారు. పదహారేళ్లకు మూటాముల్లె సర్దుకున్నారు.

మిత్రులారా! రేపు మనలో కొందరు కలెక్టర్లు, కొందరు శాసనసభ్యులు కావచ్చు. మిగతావాళ్లం ఓటర్లమైనా అవుతాం. కుర్చీలో కూర్చున్నవాడు "నన్ను దేవుడే కూర్చోబెట్టాడు" అన్ననాడు, "అయితే ఆయనకు లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉండు, ముందు మాకు చెప్పు" అని అడగగలగాలి. అలా అడగడం దైవ ధిక్కారం కాదు. దైవం మీద నమ్మకం ఉన్నవాడే ముందుగా అడగాలని నా అభిప్రాయం.