ఇల్లు ముందా, పేట ముందా?

మన నగరమునందలి తెలుగు కుటుంబములలో క్రొత్తగా సంసార భారము వహించిన యువదంపతులకు నేడు స్వంత యింటి ప్రశ్నయే మొదటి ప్రశ్నగా నున్నది. పెండ్లియై రెండు మూడేండ్లు గడచి, ఒక బిడ్డ కలుగుసరికి, "ఎచ్చట కొందము?" అను మాట ప్రతి యింటను వినవచ్చుచున్నది. ఈ విషయమై మన సంఘ కార్యాలయమునకు వచ్చి ఆలోచన యడుగువారును కలరు. అట్లు వచ్చువారిలో పలువురు తమకు కావలసిన ఇల్లు ఎట్లుండవలెనో చక్కగా నెరుగుదురు. గదులెన్ని, అంతస్తు ఎన్నవది, వాకిలి ఏ దిక్కు, కారు నిలుపుటకు చోటెంత, అన్నియు వ్రాసికొని వత్తురు. ఆ చోటు ఎట్టిదని యడిగినచో మాత్రము "ఆఫీసుకు దగ్గర" అను ఒక్క మాటతో సరిపుచ్చుదురు. మొదట చోటును నిర్ణయించుకొని పిమ్మట ఇల్లు చూడవలయునని మా అభిప్రాయము. గోడలు నచ్చకున్నచో మార్చుకొనవచ్చును. చోటును మార్చుట ఎవరి తరమును గాదు.

మన పూర్వులు చోటును ఎట్లు ఎన్నుకొనిరో కొంచెము తలచుకొందము. 1537లో కెంపేగౌడ ప్రభువు ఈ పట్టణమును నిర్మించిన నాటినుండి వృత్తియే పేటను నిర్ణయించుచు వచ్చెను. అక్కిపేటలో బియ్యము, అరళెపేటలో ప్రత్తి, కుంబారపేటలో కుండలు. క్రింద అంగడి, మీద కాపురము. 1898లో ప్లేగు వ్యాపించి ఇరుకు సందులలోని జనమును పీడించిన పిమ్మట బసవనగుడి, మల్లేశ్వరము విశాలమైన వీథులతో పెరిగినవి. చోటు నెన్నుకొనుట ప్రాణముతో కూడిన విషయమని ఆనాటివారికి చక్కగా బోధపడెను. 1945లో నగరాభివృద్ధి ట్రస్టు బోర్డు ఏర్పడెను. 1948లో రాజగోపాలాచారిగారి చేతులమీదుగా జయనగరమునకు శంకుస్థాపన జరిగెను. వారి పేరనే రాజాజీనగరము వెలసెను. ఈ పేటలందు మొదట వీథి, కాలువ, బజారు, బడి, తోట ఎచ్చట నుండవలెనో నిర్ణయించి, ఆ పిమ్మట సైట్లను పంచిరి. కొనువాడు పరీక్షింపవలసినది స్వల్పము. నేడు వరుస తలక్రిందులైనది. నగరపు అంచులయందు ముందుగా ఇండ్లు లేచుచున్నవి. రోడ్డు, నీరు, మురుగు కాలువ తరువాత వచ్చుచున్నవి. కాబట్టి ఆనాడు ప్రభుత్వము చేసిన పరీక్షను నేడు కొనువాడే చేసికొనవలసియున్నది.

మన పెద్దలలో కొందరు, "మల్లేశ్వరము, చామరాజపేట విడిచి వీండ్లు వైట్‌ఫీల్డు పోవనేల?" అని నిష్ఠూరమాడుచుందురు. ఈ నిష్ఠూరము న్యాయము గాదు. ఆ పాత పేటలలో నేడున్న ధరకు జీతగాడు సైటు కొనలేడు. అదియు గాక, పని యున్నచోటికే మన పిల్లలు పోవుచున్నారు. అంగడి మీదనే కాపురముండిన మన తాతలు చేసినదియు అదియే. అయితే ఇందులో ఒక భేదము కలదు. చిక్కపేటలోని అంగడి మూడు తరములు కదలలేదు. నేటి ఉద్యోగము మూడేండ్లు ఒక్కచోట నిలుచుట అరుదు. నేడు మహదేవపురములో నున్న పని రేపు ఎలెక్ట్రానిక్ సిటీకి, ఎల్లుండి హెబ్బాళమునకు మారవచ్చును. అప్పు మాత్రము ఇరువదియేండ్లు కదలక నిలుచును. పైగా నేడు కొడుకు, కోడలు ఇరువురును ఉద్యోగస్థులే. ఒకరి ఆఫీసుకు దగ్గరైనది రెండవవారికి దూరమగుచున్నది. కావున ఏదో యొక ఆఫీసుకు దగ్గర చూచుటకంటె, పలు ఆఫీసులకు పోగల దారికి దగ్గర చూచుట మేలు. 2023 అక్టోబరు నుండి మెట్రో ఊదా మార్గము వైట్‌ఫీల్డు మొదలు చల్లఘట్ట వరకు పూర్తిగా నడచుచున్నది. 2025 ఆగస్టున రాష్ట్రీయ విద్యాలయ రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు పసుపు మార్గము తెరువబడెను. ఇట్టి స్టేషనుకు నడచిపోగల చిన్న యిల్లు, పది మైళ్ళ దూరముననున్న పెద్ద యింటికంటె విలువైనదని మేము తలంచుచున్నాము.

వ్యాపారులము గనుక లెక్క చెప్పుట మాకు అలవాటు. ఒక దంపతులు 80 లక్షల ఫ్లాటు కొనుటకై 20 లక్షలు చేతినుండి పెట్టి, 60 లక్షలు అప్పు తెచ్చిరనుకొందము. నూటికి సాలుకు ఎనిమిదిన్నర వడ్డీతో ఇరువదియేండ్లలో తీర్పవలెనన్నచో నెల కంతు సుమారు 52,000 రూపాయలగును. తుదకు చెల్లించునది 1 కోటి 25 లక్షలు. దీనికి తోడు, 45 లక్షలకు మించిన ఆస్తికి మన రాష్ట్రమున నూటికి 5 స్టాంపు సుంకము. రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 నుండి నూటికి 1 నుండి 2కు పెరిగినది. ఈ రెండును కలిసి 80 లక్షలపై 5 లక్షల 60 వేలు; ఉపకరములు వేరు. చోటు నచ్చలేదని అమ్మి మరియొకచోట కొన్నచో ఈ సొమ్ము రెండవమారు పోవును. ఇంకొక పద్దు ఎవరును వ్రాయరు. పోను గంటన్నర, రాను గంటన్నర పట్టు చోట ఇల్లు కొన్నవాడు సాలుకు 250 పనిదినములలో 750 గంటలు దారిలో గడపును. రాత్రింబవళ్ళు కలిపి లెక్కించిన అది 31 దినములు. పండ్రెండు నెలలలో ఒక నెల రోడ్డుపాలు! ఆ నెల బిడ్డకు చెందవలసినది.

ఇక చోటును పరీక్షించు విధము. మొదటిది నీరు. మన నగరము సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ప్రక్కన జీవనది లేదు. 1974 నుండి కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోసికొని త్రాగుచున్నాము. 2024 వేసవిలో ప్రభుత్వపు బోరుబావులు సుమారు 14 వేలలో 7 వేలకు దగ్గరగా ఎండినవని ప్రభుత్వమే ప్రకటించెను. ఆ సంవత్సరము అక్టోబరు 16న కావేరి అయిదవ దశ ప్రారంభమై, 2007లో నగరమున చేరిన 110 గ్రామములకు దినమునకు 775 మిలియను లీటర్ల నీరు ఉద్దేశింపబడినది. అయినను వీథికి గొట్టము వచ్చినంతమాత్రమున కొళాయికి నీరు వచ్చినట్లు గాదు. ఈ సంగతి అమ్మువానిని అడుగరాదు. ఆ సముదాయపు కావలివానిని, అచ్చట కాపురమున్న ఇల్లాండ్రను అడుగవలెను. వేసవిలో ట్యాంకర్లు దినమునకెన్ని వచ్చును, ధర యెంత యన్నది వారే చెప్పగలరు.

రెండవది పల్లము. ఇది చెరువుల నగరము. ధర్మాంబుధి చెరువున్న చోట నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్నది. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాస్థలమైనది. మనుష్యుడు చెరువును మరచినను నీరు తన దారిని మరువదు. 2022 సెప్టెంబరున బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతములలో కోట్ల విలువగల ఇండ్ల నుండి జనమును పడవలమీదను ట్రాక్టర్లమీదను తరలింపవలసి వచ్చెను. 2016 ఆగస్టున రాజకాలువలను ఆక్రమించి కట్టినవను కారణమున నగర దక్షిణ భాగమున పలు ఇండ్లను కార్పొరేషనువారు పడగొట్టిరి. వానిలో కొన్ని బ్యాంకు అప్పుతో కట్టినవే. ఇల్లు పోయినను కంతు పోలేదు. ఊరి పేరును వినుటయు మంచిది. బైరసంద్ర, చిక్కలసంద్ర, బొమ్మసంద్ర మొదలగువానిలోని 'సంద్ర' మనము చెరువులకు పెట్టుకొను 'సముద్ర' శబ్దమే. అరెకెరెలో కెరె, కోణనకుంటెలో కుంట స్పష్టముగ వినబడుచున్నవి. ఈ పేరుగల చోట కొనరాదని మేము చెప్పుట లేదు. అచ్చటి పాత గ్రామ పటమును తెప్పించి చెరువెచ్చట నుండెను, కాలువ ఎటు పారెను అని చూచి మరీ కొనుడనుచున్నాము.

మూడవది పత్రములు. ఏ ఖాతా, బీ ఖాతా అను భేదము మన వ్యాపారులందరు నెరిగినదే. బీ ఖాతాలో పన్ను కట్టించుకొందురు గాని, పన్ను రసీదు కట్టడమునకు అనుమతి యగునని భ్రమపడరాదు. బిల్డరు పథకమైనచో 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదైనదా యని చూడవలెను. కట్టడము ముగిసినచో నివాసయోగ్యతా పత్రము అడుగవలెను. 2024 డిసెంబరు 17న సుప్రీం కోర్టు ఇట్టి పత్రము చూచిన పిమ్మటనే బ్యాంకులు అప్పునీయవలెననియు, నీరు, విద్యుత్తు కలుపవలెననియు తీర్పు చెప్పెను. "తరువాత ఇప్పింతుము" అనువానికి "తరువాతనే కొందుము" అని సమాధానము చెప్పుటయే క్షేమము.

వీనికి తోడు ఒక సులభమైన ఉపాయము కలదు. ఇల్లు చూపువారు ఆదివారము ఉదయము రమ్మందురు. ఆనాడు ఏ రోడ్డయినను విశాలముగనే యుండును. మీరు సోమవారము ఎనిమిదిన్నరకు ఒకమారు, వాన కురిసిన సాయంకాలము మరియొకమారు పొండు. వీలైనచో కొనుటకు ముందు ఒక సంవత్సరము అదే పేటలో బాడుగకుండుడు. బిడ్డ నడచిపోగల బడి, ముసలివారు నడచిపోగల వైద్యుడు, కూరగాయల అంగడి యున్నవో లేవో ఆ సంవత్సరమే చెప్పును.

"మనవారెక్కువగా ఉన్నచోట కొన్నచో భాష నిలుచును గదా" అని కొందరి ఆలోచన. మారతహళ్ళి వైపున తెలుగు మాట విని, తెలుగు భోజనము దొరకునని అచ్చటికి మొగ్గుచున్న వారు కలరు. అందు తప్పు లేదు. కాని భాషను నిలుపునది వీథి యని మేము తలంపము. మన కుటుంబములే ఇందుకు సాక్ష్యము. తరతరములుగా కన్నడిగుల నడుమ, వారి పండుగలు మనవిగా, మన పెండ్లిండ్లు వారివిగా జీవించితిమి; బజారున కన్నడము, ఇంట తెలుగు మాటలాడితిమి. రెండింటిలో ఏదియు రెండవదానిని చంపలేదు. ఒక జాతివారందరు ఒక్కచోట గుమిగూడుట మంచిది కాదని సింగపూరు ప్రభుత్వము 1989 నుండి తన గృహసముదాయములలో జాతికొక పరిమితిని విధించినది. అట్టి శాసనము మనకు అక్కరలేదు గాని, అందలి హితవు గమనింపదగినది. తెలుగువారి మధ్యనే తిరుగుచు కన్నడము రాని పిల్లవాడు ఈ గడ్డమీద పరాయివాడగును. అది మన తాతలు సంపాదించిన చోటును పోగొట్టుకొనుటయే.

ఇంట తెలుగును నిలిపినది అవ్వతాతలు. పగలు బిడ్డ నెత్తికొని కథ చెప్పినవారు వారే. కావున యువదంపతులు పేటను నిర్ణయించుకొనునపుడు అడుగవలసిన ప్రశ్న యిది: అవ్వతాతలు ఇతరుల సాయము లేక, ఒక్క బండి ఎక్కి, లేక ఒక్కమారు బండి మారి, ఇచ్చటికి రాగలరా? వైట్‌ఫీల్డు దూరమే, అయినను మెజెస్టిక్కులో ఊదా మార్గము దిగి ఆకుపచ్చ మార్గమెక్కిన తరువాతి స్టేషనే చిక్కపేట. అంతకంటె దగ్గరనుండియు మూడు వాహనములు మారవలసిన చోటులు కలవు. అచ్చటికి పెద్దలు పండుగకు తప్ప రారు. పండుగకు మాత్రమే వచ్చు అవ్వతో మనుమడు ఇంగ్లీషులోనే మాటలాడును.

పెద్దలకును ఒక మనవి. పాత పేటలలో మన కుటుంబముల ఇండ్లు పెక్కు అన్నదమ్ముల వాటాలు తేలక తాళము వేసియుండుటయో, న్యాయస్థానములలో నుండుటయో జరుగుచున్నది. వాటా తేలుసరికి కొడుకునకు ఏబదియేండ్లు. వానికి సొమ్ము కావలసినది ముప్పదియవ యేట. ఆనాడు అయిదారు లక్షలు తక్కువై స్టేషను దగ్గరి యిల్లు వదలి, దూరపు పల్లములో కొన్న యువకుని నిందించి ప్రయోజనమేమి? పెద్దలు జీవించియుండగనే కూర్చుండి, కుమార్తెలతో సహా ఎవరి భాగము వారికి నిర్ణయించి పత్రము వ్రాయుట కుటుంబమునకును, భాషకును గూడ చేయదగిన ఉపకారము.

సంఘమును ఒక పని చేయవలెను. మన సభ్యులలో విశ్రాంత ఇంజనీర్లు, న్యాయవాదులు, రిజిస్ట్రేషను శాఖయందు పనిచేసినవారు కలరు. నెలకొక ఆదివారము వారిలో ఇద్దరు ముగ్గురు కార్యాలయమున కూర్చుండి, ఇల్లు కొనదలచిన వారి పత్రములను, గ్రామ పటములను ఉచితముగ చూచి చెప్పు ఏర్పాటు కావలయును. బయానా ఇచ్చిన తరువాత వచ్చినవారికి ఓదార్పు చెప్పుట తప్ప మరేమియు చేయలేము. ముందు వచ్చినచో మేలు చేయగలము. ఈ సూచనను కార్యనిర్వాహకవర్గము వచ్చే సమావేశమున ఆలోచించునని ఆశించుచున్నాము. ఇందుకు సమయము నీయగలవారు తమ పేర్లను కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాము.