సీమంతం నాడు ఏడు రకాల అన్నం, మర్నాడు?



ఈ ఏడు కూడా గుండె పరీక్షల శిబిరం పెడదామని మాట వచ్చింది. ఆర్.ఎస్. పురంలో హాలు తీసుకుని, నలభై దాటిన మగవాళ్లకు బీపీ, షుగర్, ఈసీజీ చూపిద్దామంటున్నారు. వద్దనం. కానీ దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది మన వరస.

గుండె జబ్బుకు పునాది కొంత తల్లి కడుపులోనే పడుతుందని 1980లలో ఇంగ్లాండు వైద్యుడు డేవిడ్ బార్కర్ అంటే చాలామంది నమ్మలేదు. మన పక్కనున్న మైసూరులోనే దాన్ని పరీక్షించారు. హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1934–1954 మధ్య పుట్టిన 517 మందిని పెద్దయ్యాక వెతికి పట్టుకుని గుండె చూశారు. రెండున్నర కిలోలకు మించకుండా పుట్టినవాళ్లలో నూటికి 11 మందికి జబ్బు ఉంది. దాదాపు 3.2 కిలోలు, ఆపైన పుట్టినవాళ్లలో నూటికి ముగ్గురికే. బిడ్డ తక్కువ బరువుతో పుట్టి, కడుపుతో ఉన్నప్పుడు తల్లి కూడా 45 కిలోలు లేకపోతే ఆ లెక్క నూటికి 20కి చేరింది. ఇది 1996లో లాన్సెట్‌లో వచ్చింది.

కారణం కష్టమైనదేమీ కాదు. తిండి చాలని బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకు ఇచ్చుకుంటుంది. మూత్రపిండాలకు, క్లోమానికి, కండకు కోత పడుతుంది. ఆ శరీరం మీద తరువాత నెయ్యి, స్వీట్లు, కారు, కుర్చీ పడితే మోయలేదు.

"మా అవ్వ పదిమందిని కన్నది, ఎవరు తూకం వేశారు?" అంటారు. అవ్వ బిడ్డలు చేలో నడిచారు, కొంచెమే తిన్నారు. మనం ఒక్క తరంలో పొలం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఏసీ గదికి వచ్చాం. చిక్కు అక్కడుంది.

ఇక మన ఇళ్ల సంగతి. సీమంతం నాడు కోడలికి ఏడు రకాల అన్నం పెట్టి ఫోటో తీస్తాం. మర్నాటి నుంచి అందరూ తిన్నాక మిగిలింది ఆమెకు. పైగా "తక్కువ తిను, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం" అని పెద్దవాళ్ల బోధ. ఆ మాట ఇకనైనా ఆపాలి. అలాగని స్వీట్లు కుక్కమనడం లేదు, గర్భంలో షుగర్ పెరిగినా బిడ్డకు చెరుపే. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర వేళకు అందాలి, రక్తం తగ్గకుండా చూడాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987–90లో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. ఆ ఊళ్ల పిల్లలను 13–18 ఏళ్ల వయసులో చూస్తే, పెట్టని ఊళ్ల పిల్లలకన్నా కాస్త పొడుగ్గా ఉన్నారు, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ బాగా పనిచేసింది. బీపీలో పెద్ద తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. అయినా ఉప్మాకు ఇంత ఫలితమంటే చిన్న సంగతా?

తక్కువ బరువుతో పుట్టినంత మాత్రాన తలరాత రాసిపెట్టినట్టు కాదు. వాళ్లు ముందునుంచే బీపీ, షుగర్ చూపించుకోవాలి, అంతే.

అందుకే మేము అడిగేది ఒక్కటి. శిబిరం ఖర్చులో సగం గర్భిణులకు కేటాయించండి. మన కోడళ్లకే కాదు, మన ఇళ్లలో, మన మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకూ. బరువు, రక్తం, బీపీ ప్రతి నెలా చూడాలి. ఆ రోజు మగవాళ్లు, అత్తగార్లు కూడా వచ్చి కూర్చోవాలి. వచ్చే సమావేశంలో దీని మీద చేతులెత్తమంటాం. ఎత్తనివాళ్లు ఎందుకు ఎత్తలేదో అక్కడే చెప్పాలి.